ఇనుము, ఎండ, బోరు నీళ్లు: చెరువుల బొమ్మలు ప్రింట్ చేసిన నా అనుభవం

కొంతకాలంగా నా పనిలో కెమెరా కంటే బకెట్‌కే ఎక్కువ పని పడుతోంది. నేను చదివింది పెయింటింగ్, ఉద్యోగం స్కూల్లో డ్రాయింగ్ టీచర్. మిగిలిన టైమంతా చెరువుల మీద పెడుతున్నాను. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంకా ఉన్నవి, పేరు మాత్రం మిగిలినవి, సగం పూడ్చి ప్లాట్లు చేసినవి. వాటి కట్టలు, తూములు, అలుగులు ఫోటోలు తీసుకుని, ఇంటికొచ్చి ఆక్రిలిక్‌లో వేసేదాన్ని. ఎంత కష్టపడ్డా ఫోటోను చూసి వేసిన బొమ్మలని ఇట్టే తెలిసిపోయేది. పోనీ ఫోటోలనే పెద్ద సైజులో కొట్టిద్దామంటే, జిల్లా పేజీలో కబ్జా వార్త పక్కన వేసే ఫోటోల్లా ఉండేవి. విషయం ఉంది, బొమ్మ లేదు.

అలాంటి టైములో ఆల్టర్నేటివ్ ప్రాసెస్‌ల వైపు మళ్లాను. ప్రింటర్, రెడీమేడ్ ఫోటో పేపర్ లేకుండా, కాగితానికో గుడ్డకో మనమే మందు పూసి, వెలుతురుకు పెట్టి, నీళ్లలో కడిగి బొమ్మ తేల్చే పద్ధతులన్నిటికీ కలిపి వాడే పేరు అది. సయనోటైప్, సాల్ట్ ప్రింట్, వాన్‌డైక్ బ్రౌన్, గమ్ బైక్రోమేట్, ఆంథోటైప్ ఇలా చాలా ఉన్నాయి. ఎక్కువ శాతం 19వ శతాబ్దంవే. ఇప్పుడు మళ్లీ ఫ్యాషన్‌లోకి వచ్చాయి. ఇన్‌స్టాలో వెతికితే నీలం మీద తెల్లటి ఫెర్న్ ఆకు తప్ప ఇంకోటి కనపడదు. ఆ ఆకు బొమ్మలంటే నాకు విసుగు. పాతకాలం లుక్ కావాలంటే ఫోన్లో ఫిల్టర్ చాలు, ఇంత చాకిరీ దేనికి? నాకు లుక్‌తో పని లేదు. చెరువుకీ, చెరువు బొమ్మ తయారయ్యే తీరుకీ మధ్య ఏదో ఒక సంబంధం ఉండాలి, అదీ నా పట్టుదల.

ఆ సంబంధం మా పెద్దనాన్న పుణ్యమా అని దొరికింది. ఆయన నీటిపారుదల శాఖలో ట్రేసర్‌గా చేసి రిటైరయ్యారు. కాలువల, తూముల డ్రాయింగులను ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకుతో ఎత్తి రాయడం ఆయన పని. ఓసారి మా ఇంటికొచ్చినప్పుడు, సయనోటైప్ మందు పూసి చీకటి గదిలో ఆరబెట్టిన నా కాగితాలు చూశారు. పసుపూ ఆకుపచ్చా కాని రంగులో ఉంటాయవి. ఒకటి చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది ఫెర్రో కాగితమే కద బిడ్డా" అన్నారు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసులో ఫెర్రో ప్రింట్లు తీసేవారట. అద్దం బిగించిన చెక్క ఫ్రేములో ట్రేసింగు, దాని కింద ఈ కాగితం పెట్టి, వరండా బయట ఎండకు వాల్చేవారు. ఖలాసీ వాచీ చూసుకుంటూ కూర్చునేవాడు. తీసి నీళ్ల తొట్టిలో ముంచితే నీలం మీద తెల్ల గీతలు తేలేవి. తర్వాత అమ్మోనియా ప్రింట్లు వచ్చి తెల్ల కాగితం మీద నీలం గీతలయ్యాయి, ఫ్రేములు స్టోర్ రూముకు పోయాయి. "ఎండకు పెట్టి నీళ్ల ముంచుడే కద, దీన్ని ఇప్పుడు ఆర్ట్ అంటున్రా?" అని నవ్వారు.

ఆయన చెప్పిన ఫెర్రో ప్రింటూ, నేను చేస్తున్న సయనోటైపూ ఒకటే. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టాడు. మరుసటి ఏడే ఆనా ఆట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచు మొక్కలను ఈ పద్ధతిలో ప్రింట్ చేసి, ముందుమాట అక్షరాలతో సహా నీలంలోనే ఒక పుస్తకం మొదలుపెట్టింది. ఫోటోలతో వచ్చిన మొదటి పుస్తకంగా దాన్నే చెబుతారు. నా మటుకు నాకు మాత్రం ఆవిడ నాచు కంటే పెద్దనాన్న తూము డ్రాయింగే దగ్గరగా తోచింది. ఒకప్పుడు చెరువుల, కాలువల కొలతలన్నీ ఈ నీలం కాగితాల మీదే ఇంజనీర్ చేతికి వెళ్లాయి. ఇప్పుడు ఆ చెరువుల బొమ్మలు అదే నీలంలో తీస్తే దానికో అర్థం ఉంటుంది. యాక్రిలిక్ ట్యూబులు అటకెక్కాయి.

మందులు కొనడం ఓ ప్రహసనం. కావలసినవి రెండే. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, ఆకుపచ్చ రకం. పొటాషియం ఫెర్రిసైనైడ్, ఎర్రటి పలుకులుగా ఉంటుంది. కాలేజీ ల్యాబులకు సప్లై చేసే షాపుకు చీటీ రాసుకుని వెళ్లాను. కౌంటర్ దగ్గర పెద్దాయన మొదటి పేరు దగ్గర తల ఊపి, రెండో పేరు దగ్గర ఆగిపోయాడు.

"ఇది ఎందుకు మేడమ్?"

"ఫోటోలు ప్రింట్ చేయడానికండీ."

"ఫోటోలకు సైనైడ్ దేనికి మేడమ్? కాలేజీ లెటర్ ఉందా?"

అది పొటాషియం సైనైడ్ కాదని ఆయనకు తెలుసు, అయినా ఆ పేరు రశీదు మీద రాయాలంటే ఎవరికైనా టెన్షనే. స్కూల్ ఐడీ కార్డు చూపించి, ప్రింట్ ఫోటో ఒకటి ఫోన్లో చూపిస్తే ఇచ్చాడు. నిజం చెప్పాలంటే ఫెర్రిసైనైడ్‌లో సైనైడ్ ఇనుముకు గట్టిగా పట్టుకుని ఉంటుంది, మామూలుగా విడిపోదు. కానీ బలమైన యాసిడ్ తగిలినా, బాగా వేడి చేసినా విషవాయువు వస్తుంది. అందుకని బాత్రూం కడిగే యాసిడ్ బాటిల్ నేను పని చేసే దరిదాపుల్లో ఉండదు. గ్లవ్స్ తప్పనిసరి, వంట గిన్నెలు, స్పూన్లు ఇందులోకి రావు. పిల్లలకు వర్క్‌షాప్ పెట్టినప్పుడు మందు నేనే పూసుకుని వెళ్తాను, వాళ్లకు ఆరిన కాగితమే ఇస్తాను.

కొలతలు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో సిట్రేట్ 25 గ్రాములు, ఇంకో 100 మిల్లీలీటర్లలో ఫెర్రిసైనైడ్ 10 గ్రాములు. విడివిడిగా గోధుమరంగు సీసాల్లో పోసి పెట్టుకోవాలి. పూసే ముందు మాత్రమే సమంగా కలపాలి. సిట్రేట్ సీసాలో కొన్నాళ్లకు బూజు పడుతుంది, వడకట్టుకుంటే సరిపోతుంది. గదిలో మామూలు పసుపు బల్బు ఉన్నా ఫరవాలేదు, దీనికి పడనిది సూర్యుడి అల్ట్రావయొలెట్ వెలుతురు. బ్రష్షుకు ఇనుప పట్టీ ఉండకూడదు, ఉంటే అక్కడక్కడా నీలం చుక్కలు పడతాయి. నేను జపాన్ వాళ్ల వెడల్పాటి హేక్ బ్రష్షు వాడతాను, దానికి పిడి దగ్గర దారమే ఉంటుంది.

మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, వాటర్ ట్యాంకుకు తూర్పు పక్క నా ప్రింటింగ్ ప్రెస్. అద్దం, దాని కింద నెగెటివ్, దాని కింద కాగితం, వెనక ప్లైవుడ్, చుట్టూ క్లిప్పులు. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం పది నిమిషాల లోపే పనైపోతుంది. సంక్రాంతి రోజుల్లో దానికి రెండింతలు. వానాకాలం మబ్బులో అరగంటైనా నమ్మకం లేదు. ఎండలో కాగితం రంగు మారడం చూస్తూ కూర్చోవడమే ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టం. పసుపు ముందు ఆకుపచ్చగా ముదురుతుంది, తర్వాత నీలిబూడిద, ఆ తర్వాత నల్లగా ఉండాల్సిన చోట్ల కంచు రంగు తేలి, వెలిసినట్టు, బొమ్మ తిరగబడినట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్లు అక్కడ కంగారుపడి తీసేస్తారు. కంచు రంగు బాగా ఎక్కేదాకా ఉంచాలి, ఎందుకంటే కడిగినప్పుడు ఎలాగూ కొంత పోతుంది.

ఇందులో జరిగేది ఇది. ఎండలోని అల్ట్రావయొలెట్ ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్ అనే ఇంకో రూపంలోకి మారుస్తుంది, అది ఫెర్రిసైనైడ్‌తో కలిసి ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం రంగు అవుతుంది. అది నీళ్లలో కరగదు, కాగితం పోగుల్ని పట్టుకుని ఉండిపోతుంది. ఎండ తగలని చోట మందు నీళ్లలో కొట్టుకుపోతుంది. అంతే, బొమ్మను నిలబెట్టే ఫిక్సర్ మందు లేదు, డార్క్ రూం లేదు. కడిగిన వెంటనే నీలం కాస్త నీరసంగా ఉంటుంది, ఒక రోజు గాలికి ఆరితే ముదురుతుంది. ఓపిక లేకపోతే మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొంచెం నీళ్లలో కలిపి ముంచితే క్షణంలో ముదురు నీలం. తుది రంగులో తేడా లేదు, కాకపోతే పిల్లల ముందు చేస్తే చప్పట్లు ఖాయం.

అసలు గొడవ నీళ్లతో వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌లో రెండు నల్లాలు, ఒకటి మంచినీళ్లది, ఒకటి బోరుది. కడగడానికి మంచినీళ్లెందుకని బోరు నీళ్లు పట్టాను. ఎండలో అంత బాగా వచ్చిన ప్రింటు తొట్టిలో కళ్లముందే పాలిపోయింది. సన్నటి టోన్లన్నీ, అంటే నీళ్ల మీద అలలు, ఆకాశం, ముందు పోయాయి. ప్రష్యన్ బ్లూకు క్షారం పడదు. మా బోరు నీళ్లు గిన్నెల మీద తెల్లటి పొర కట్టే రకం, సున్నం పాలెక్కువ. అదే నెగెటివ్‌తో ఇంకో ప్రింటు తీసి మంచినీళ్లలో, మొదటి తొట్టిలో కాస్త నిమ్మ ఉప్పు వేసి కడిగితే అలలు అలాగే నిలిచాయి. ఇక్కడో విషయం నన్ను పట్టుకుంది. చెరువులు పోయాక ఊరు బోర్ల మీద పడింది, ఇప్పుడా బోరు నీళ్లే నా చెరువు బొమ్మను కడిగేస్తున్నాయి. అప్పటినుంచి కొన్ని ప్రింట్లను కావాలనే సగం మంచినీళ్లలో, సగం బోరు నీళ్లలో కడుగుతున్నాను. ఏ కాలనీ ఫోటో అయితే ఆ కాలనీ బోరు నీళ్లు డబ్బాలో తెచ్చుకుంటాను. ఒక్కో చోటి నీళ్లు ఒక్కోలా తింటాయి, కొన్ని చోట్ల అంచులు మాత్రమే, కొన్ని చోట్ల కట్టతో సహా. వాటి పక్కన చీటీ రాయాల్సిన పని లేదు.

కాగితం సంగతి కూడా ఇలాంటిదే. ఖరీదైన వాటర్‌కలర్ పేపర్ అయితే బాగా వస్తుందనుకుంటాం. చాలా కంపెనీలు కాగితం ఎన్నాళ్లైనా పసుపెక్కకుండా ఉండాలని అందులో కాల్షియం కార్బొనేట్ కలుపుతాయి. పెయింటింగ్‌కు అది మంచిదే, సయనోటైప్‌కు శత్రువు. కొత్త పేపర్ కొనేముందు ఒక ముక్క మీద వెనిగర్ చుక్క వేసి దగ్గరగా చూడండి, సన్నటి బుడగలు లేస్తే ఆ కాగితం దీనికి పనికిరాదు. సున్నం కలపని చేతి కాగితం దొరికితే హాయి, కానీ అది నీళ్లలో ఎక్కువసేపు నానితే విచ్చిపోతుంది. పట్టుకునేటప్పుడు కింద ప్లాస్టిక్ షీటు పెట్టి లేపాలి.

నెగెటివ్‌ల కోసం ఫోటోలో నలుపు తెలుపులను కంప్యూటర్‌లో తిరగేసి, ఓహెచ్‌పీ షీటు అనే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు మీద ప్రింట్ తీస్తారు. మా వీధి జిరాక్స్ షాపులో ఉన్నది లేజర్ ప్రింటర్. దాని నలుపు కంటికి నలుపే గానీ ఎండకు కాదు, సందుల్లోంచి వెలుతురు కారిపోతుంది. రెండు షీట్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పెట్టి టేపు వేస్తే కొంత నయం. ఇంక్‌జెట్ అయితే బాగుంటుంది, ఆ షీట్లు ఖరీదు. చివరికి నాకు నచ్చింది అన్నిటికంటే చవకది. మామూలు ఏ4 కాగితం మీద నెగెటివ్ ప్రింట్ తీసి, వెనకవైపు కొబ్బరినూనె రాసి, పాత న్యూస్‌పేపర్ల మధ్య నొక్కి ఉంచితే, వెలుతురు దాటేంత పలచగా అవుతుంది. ఎండ టైము బాగా పెరుగుతుంది. కాగితం పోగులు బొమ్మలోకి దిగి, గీతలు మెత్తబడతాయి. షార్ప్‌గా ఉండాలనుకునేవాళ్లకు ఇది నచ్చదు.

కాగితం నెగెటివ్ కొత్తదేం కాదు. లినియస్ ట్రైప్ అని మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. మైనం పట్టించిన కాగితం నెగెటివ్‌లతో 1857-58లో మధురై, తంజావూరు వైపు తిరిగి గుళ్ల ఫోటోలు తీశాడు. మనవాళ్లకు ఆయన ఇంకో రకంగా దగ్గరివాడు. వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకు పంపిన శిల్పాలను అక్కడి మ్యూజియంలో 1858లో ఫోటోలు తీసింది ఈయనే. తంజావూరు బృహదీశ్వరాలయం పునాది మీది శాసనాన్ని ముక్కలు ముక్కలుగా తీసి, 21 ప్రింట్లు అతికించి ఒకే పొడవాటి బొమ్మ చేశాడు. అది తెలిశాక నాకు కట్ట సమస్య తీరింది. చెరువు కట్ట ఒక ఫ్రేములో పట్టదు. వైడ్ యాంగిల్‌లో తీస్తే గీతలా సన్నబడిపోతుంది. కట్ట మీద నడుచుకుంటూ, కొన్ని అడుగులకొకటి చొప్పున తీసి, విడివిడిగా ప్రింట్ చేసి పక్కపక్కన పెట్టడం మొదలుపెట్టాను. ఒక్కో ముక్కకు ఎండ వేరు, కడిగిన నీళ్లు వేరు కాబట్టి నీలం ఒకేలా ఉండదు. మధ్యలో కట్ట తెగి రోడ్డు వచ్చిన చోట ఖాళీ కాగితం పెట్టాను, మందు పూసి, ఎండ చూపించకుండా కడిగినది.

మిగతా పద్ధతులు కూడా చూశాను గానీ అన్నీ నాకు అంటలేదు. పసుపుతో ఆంథోటైప్ సరదాగా ఉంటుంది. వంటింటి పసుపును స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి కాగితానికి పూసి, ఈసారి నెగెటివ్ కాకుండా పాజిటివ్ పెట్టి ఎండలో వదిలేయాలి. ఎండ తగిలిన చోట పసుపు వెలుస్తుంది. తర్వాత తినే సోడా నీళ్లు చల్లితే మిగిలిన పసుపు ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది, పారాణికి సున్నం కలిపినప్పటి సంగతే. పూల రసాలతో, ఆకు పసర్లతో కూడా హెర్షెలే 1842లో ప్రయోగాలు చేశాడు. బచ్చలి పండ్ల రసం రంగు చూడ్డానికి అద్భుతం, కానీ నిలవదు. ఆంథోటైప్‌ను ఫిక్స్ చేసే మార్గం లేదు, గోడకు పెట్టిన రోజు నుంచే చెరుగుతూ పోతుంది. చెరిగిపోవడమే కళ అని కొందరు దాని మీద పెద్ద పెద్ద స్టేట్‌మెంట్లు రాస్తారు. నాకైతే అది వాడి వాడి అరిగిపోయిన మాటే. ఆకుల మీద ప్రింట్లూ అంతే. బిన్ డాన్ అనే వియత్నామీ అమెరికన్ ఆర్టిస్టు వియత్నాం యుద్ధం ఫోటోలను ఆకుల పచ్చదనంలోకి ఎక్కించాడు, అక్కడ అడవికీ యుద్ధానికీ సంబంధం ఉంది కాబట్టి ఆ ఆకులు మాట్లాడతాయి. నేను ఆకు మీద చెరువును ప్రింట్ చేస్తే అది గ్రీటింగ్ కార్డు.

గమ్ బైక్రోమేట్ మాత్రం వదులుకోవడానికి కష్టమైంది. బంకలో వాటర్‌కలర్ రంగు కలిపి, పొటాషియం డైక్రోమేట్ చేర్చి పూస్తే, ఎండ తగిలినచోట బంక గట్టిపడి రంగు నిలుస్తుంది. ఏ రంగు కావాలంటే ఆ రంగు, పొర మీద పొర వేసుకోవచ్చు. పెయింటింగ్ చదివినవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? బంక కూడా మన తుమ్మ బంక లాంటిదే. ఒక వర్క్‌షాప్‌లో చేశాను, ప్రింటు ఇప్పటికీ నా దగ్గరున్న మంచి ప్రింట్లలో ఒకటి. కానీ డైక్రోమేట్ అంటే హెక్సావలెంట్ క్రోమియం, క్యాన్సర్ తెచ్చే పదార్థం. కడిగిన పసుప్పచ్చ నీళ్లు మా డ్రైనేజీలోంచి ఎక్కడికి పోతాయో నాకు తెలుసు, ఆ నాలా ఫోటో కూడా తీశాను. చెరువుల బొమ్మ కోసం క్రోమియం నీళ్లు చెరువులోకి వదలడం నా వల్ల కాదు. వ్యర్థాలను పద్ధతిగా తీసుకెళ్లే ఏర్పాటున్న స్టూడియోలో అయితే చేయండి, టెర్రస్ మీద వద్దు.

ఇక గుడ్డ, కరక్కాయ సంగతి. నా పనిలో అన్నిటికంటే లోతుకు తీసుకెళ్లింది ఇదే.

సయనోటైప్ నూలు గుడ్డకు బాగా పడుతుంది. షరతు ఒక్కటే, గుడ్డలో గంజి ఉండకూడదు. మిల్లు గుడ్డను ఎంత ఉతికినా కొంత మిగిలి ఉంటుంది, ఉడకబెట్టి జాడించాలి. ప్రింటయ్యాక ఆ గుడ్డను సర్ఫ్‌తో ఉతికారో, నీలం పోయి తుప్పు మరక మిగులుతుంది. కుంకుడు రసం అయితే ఏమీ కాదు. ఈ సర్ఫ్ దెబ్బ చూసినప్పుడే అర్థమైంది, నీలం పోయినా ఇనుము పోలేదని. క్షారం ప్రష్యన్ బ్లూను విరగ్గొడుతుంది గానీ, ఇనుము పసుప్పచ్చటి తుప్పు రూపంలో ఆ గీతల వెంబడే గుడ్డలో ఉండిపోతుంది. అక్కడికి టానిన్ అనే వగరు పదార్థం ఉన్న కషాయం ఏది తగిలినా నల్లబడుతుంది. ఫోటోవాళ్లు దీన్ని టోనింగ్ అంటారు, అందరూ టీ డికాక్షన్ వాడతారు. నేను కరక్కాయ తీసుకున్నాను.

ఎందుకంటే ఇనుము, కరక్కాయ కలిసి నలుపు కావడం మనకు ఎప్పటినుంచో తెలిసిన సంగతి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని ముందే చూశాను. గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలో కొవ్వు ఉండటం వల్ల రంగు పాకదు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టిన కసింకారం ఒక డబ్బాలో ఉంటుంది, మూత తీస్తే పులిసిన వాసన. వెదురు కలానికి చుట్టిన గుడ్డను అందులో ముంచి గీత గీస్తుంటే, కలం నుంచి దిగేటప్పుడు ఉండీ లేనట్టున్న రంగు, గుడ్డను తాకగానే నల్లబడింది. నేను టీ కప్పు పక్కన పెట్టి ఆ కలం మొన వైపే చూస్తూ ఉండిపోయాను. "అయ్యా, ముందు ఇనుము పెట్టి, తర్వాత కరక్కాయ పెడితే వస్తుందా?" అని అడిగాను. "రావడానికి వస్తాదమ్మా, కానీ గీత మేం చెప్పినట్టు వినదు" అన్నాడు.

నిజంగానే వినదు. నా పద్ధతి ఆయన పద్ధతికి తిరగేసినది. ముందు ఎండతో నీలం బొమ్మ. తర్వాత పలచటి వాషింగ్ సోడా నీళ్లలో కొద్ది సెకన్లు. నీలం ఊదాగా, తర్వాత పసుపుగా మారుతుంటే తీసి మంచినీళ్లలో బాగా జాడించాలి. సోడా మిగిలితే కరక్కాయ నీళ్లు తొట్టిలోనే మురికిగా తిరుగుతాయి. కరక్కాయలు గింజ తీసి, పెచ్చులు దంచి, మరిగించి, వడకట్టిన కషాయంలో ఆ గుడ్డను వేస్తే, పసుపు గీతలు ముందు బూడిదరంగు, తర్వాత మెల్లగా సిరా నలుపు. ఒక గంట ఉంచితే దాదాపు చెక్క బొగ్గు నలుపు వస్తుంది. కరక్కాయ తెల్లగుడ్డను కూడా వదలదు, మీగడ రంగు ఎక్కిస్తుంది. అది నాకు ఇష్టమే. తెల్లగా కావాలనుకునేవాళ్లు ఈ దారి పట్టకపోవడం మేలు.

ఇప్పుడు నా గుడ్డ ప్రింట్లలో రెండు రంగులుంటాయి. ఇంకా నీళ్లున్న మేర నీలం, పూడ్చేసిన మేర నలుపు. గుడ్డ మొత్తాన్ని సోడాలో ముంచకుండా, పాత సర్వే మ్యాపులో చెరువు హద్దు ఎక్కడుందో చూసుకుని, పోయిన భాగం మీద మాత్రం బ్రష్షుతో సోడా నీళ్లు రాస్తాను. ఆ తర్వాత కరక్కాయ కూడా బ్రష్షుతోనే. రెండింటి హద్దు దగ్గర తడి పాకి, పసుపు, ఊదా, బూడిద కలిసిన ఒక అంచు ఏర్పడుతుంది. దాన్ని అదుపులో పెట్టాలని చాలా ప్రయత్నించాను. మైనం రాశాను, టేపు వేశాను. ఏం చేసినా ఎంతో కొంత పాకుతూనే ఉంటుంది. చెరువుల హద్దులు మాత్రం మ్యాపులో ఉన్నట్టే నేల మీద ఉన్నాయా ఏమిటి, అని వదిలేశాను. ఈ ప్రింట్లు చూసి పెద్దనాన్న చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎఫ్‌టీఎల్ గీత యేడున్నది?" చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చెప్పే గీత అది. మరుసటి గుడ్డ నుంచి ఆ గీత తెల్లగా కనిపించేలా, నెగెటివ్ మీదే నల్ల ఇంకుతో ఆయన చేతే గీయించాను. వణుకుతున్న చేత్తో కూడా ఆయన గీత నా గీత కంటే నిటారుగా ఉంది.

ఒక గ్రూప్ షోలో ఇవి పెట్టినప్పుడు కొనడానికి వచ్చినవాళ్లందరూ ఒకటే అడిగారు, రంగు పోతుందా అని. సయనోటైప్ తీక్షణమైన వెలుతురులో కొంత వెలుస్తుంది, కానీ తీసి చీకట్లో పెడితే గాలి తగిలి చాలావరకు తిరిగి నీలమవుతుంది. ఇంట్లో ఎండ నేరుగా పడని గోడ చూసుకోండి, అప్పుడప్పుడూ దించి అల్మరాలో పెట్టండి అని చెబితే, ఒకాయన "పెళ్లి పట్టుచీర లాగా అన్నమాట" అన్నాడు, కొనలేదు. ఫ్రేము కట్టేవాళ్లతో ఇంకో తంటా. వెనకవైపు మౌంట్ బోర్డు క్షారం కలిపినది కాకుండా మామూలు ఆసిడ్-ఫ్రీది ఇవ్వమంటే, అన్నీ ఒకటే మేడమ్ అంటారు. అందుకని బోర్డు ముక్క మీద కూడా వెనిగర్ చుక్క వేసి చూసుకునే అలవాటైంది. గుడ్డలకైతే ఈ బాధ లేదు. పైన ఒక వెదురు కర్ర దూర్చి వేలాడదీస్తాను.

ఖర్చు అడుగుతున్నవాళ్ల కోసం ఒక మాట. మందులు ఒకసారి కొంటే చాలా ప్రింట్లకు వస్తాయి, అసలు డబ్బంతా కాగితానికే పోతుంది. మొదలుపెట్టేవాళ్లు పాత నూలు దిండు గలీబులతో మొదలుపెట్టొచ్చు, ఎన్నో ఉతుకులు పడి గంజి ఎప్పుడో పోయి ఉంటుంది.

ప్రస్తుతం సాల్ట్ ప్రింట్ మీద ఉన్నాను. కాగితానికి ముందు ఉప్పు నీళ్లు, ఆరాక సిల్వర్ నైట్రేట్ పూసి ఎండకు పెడితే ఇటుక రంగు నుంచి చాక్లెట్ దాకా టోన్లు వస్తాయి, టాల్బట్ అనే ఇంగ్లీషు ఆయన 1830లలో ఫోటోగ్రఫీ మొదలుపెట్టింది ఈ ఉప్పూ వెండితోనే. ఉప్పుకు బదులు, ఎండిపోయిన చెరువుల అడుగున తెల్లగా తేలిన చౌడు నీళ్లలో కలిపి చూద్దామని నా ఆలోచన. చౌడులో ఉప్పుతో పాటు సోడా కూడా ఉంటుంది కాబట్టి వెండి ఎలా స్పందిస్తుందో ఒక్కో ముక్క పరీక్షించుకోవాలి. ఆ పరీక్షలకే చేతివేళ్ల నిండా నల్ల మరకలు, స్కూల్లో పిల్లలు మెహందీ అనుకుంటున్నారు. వెండి ధర ఎలా ఉందో మీకు తెలుసు. అందుకని ఈ కొత్త ప్రింట్లు ప్రస్తుతానికి పోస్ట్‌కార్డు సైజు దాటడం లేదు.